మాణిక్యమ్మ లాగిన్

ఆ రోజు ఎవరేమడిగినా సుధీంద్రది ఒకటే జవాబు. "నా పనిలో తప్పు లేదు."

వరద హెచ్చరికల కేంద్రంలో కంప్యూటర్లు చూసేది అతనే. ఉదయం డ్యూటీలో ఉన్న మాణిక్యమ్మ సైరన్ మోగించాలని ఎంత ప్రయత్నించినా లాగిన్ కాలేకపోయింది. ఆమె ఫోన్ చేస్తే సుధీంద్ర పరుగున వచ్చి, తన గది తాళం తీసి, నిన్నటి నుంచీ లాగిన్ అయ్యే ఉన్న తన కంప్యూటర్ నుంచి మోగించాడు. అప్పటికే నది లంకను ముంచేసింది. గేదెలను తోలుకురావడానికి వెళ్లిన అన్నదమ్ములిద్దరు కొట్టుకుపోయారు.

"కంగారులో పాస్‌వర్డ్ తప్పు కొట్టి ఉంటుంది" అని పై అధికారికి చెప్పాడు. మాణిక్యమ్మను సస్పెండ్ చేసి ఇంటికి పంపేశారు.

మధ్యాహ్నం జమాల్ సాహెబు వచ్చారు. సుధీంద్రకు ఈ విద్య నేర్పిన గురువు.

"నిన్న ఏమైనా మార్చావా?"

"ఇక్కడ ఎవరు లాగిన్ అయినా కంప్యూటర్ ముందుగా చదువుకునే ఫైలు ఉంటుంది కదా గురువుగారూ, అన్నిటికీ కలిపి ఒకటే, అందులో రెండు లైన్లు చేర్చాను. పరీక్షించాను కూడా."

"ఎలా?"

"ఇక్కడే ఇంకో విండో తెరిచి చూశాను. ఇదిగో, ఇప్పుడూ బాగానే ఉంది."

ఆయన ఆ తెర వైపు చూడలేదు. శిష్యుడి చెయ్యి పట్టుకుని లేపి, హాల్లోకి తీసుకెళ్లి మాణిక్యమ్మ కుర్చీలో కూర్చోబెట్టారు. బల్ల మీద ఆమె కళ్లజోడు అలాగే ఉంది.

"లాగిన్ అవ్వు."

సుధీంద్ర తన పాస్‌వర్డ్ కొట్టాడు. తెర ఒక్క క్షణం వెలిగి, మళ్లీ పేరు అడిగింది. ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టాడు. మళ్లీ బయటికి తోసేసింది. మూడోసారీ అంతే.

"లోపల కూర్చుని, తలుపు బాగానే ఉందన్నావు" అన్నారు జమాల్ సాహెబు.

అప్పటికే లోపల ఉన్నవాడికి ఆ ఫైలుతో పని పడదు. కొత్తగా వచ్చినవాళ్లను మాత్రం, తాను రాసిన రెండో లైను వచ్చినట్టే వెళ్లగొడుతోంది. సుధీంద్ర తన గదికి పోయి దాన్ని చెరిపేశాడు. తిరిగొచ్చి మాణిక్యమ్మ బల్ల దగ్గర నిలబడే లాగిన్ అయ్యాడు. ఈసారి తెర నిలిచింది.

"సరిచేశాను గురువుగారూ."

"దేన్ని?"

సుధీంద్ర బల్ల మీది కళ్లజోడు తీసుకున్నాడు. దాన్ని పట్టుకుని పై అధికారి గది వైపు నడిచాడు.