కళ్ళూ ముక్కూ యాడికీ పోవు

అనగనగనగా, ఏటి ఒడ్డున ఒక ఊరుందిట. ఊ కొట్టాలి మరి, నిద్రొస్తే మానెయ్యి. ఆ ఊళ్ళో గుడ్డల మీద బొమ్మలేసే వాళ్ళింట్లో మునిరత్నం అని నీ అంత పిల్ల ఉండేది. దానికి బొమ్మలు నేర్చుకోవాలని ఒకటే యావ.

వాళ్ళ పెదనాయన చింతపుల్ల కాల్చిన బొగ్గు చేతికిచ్చాడు. "కనపడిందల్లా గియ్యి మే," అన్నాడు.

అప్పుడది కోడిపుంజుని గియ్యబోయింది. ముందు కన్ను గీసింది. కంటిలో పాప దిద్దేలోపు పుంజు గోడెక్కి పోయింది. ఆ తర్వాత నీళ్ళబిందె ఎత్తుకుంటున్న పక్కింటి అత్తని గియ్యబోయింది. ముక్కూ, ముక్కుపుడకా అయ్యేసరికి అత్త ఇంటికెళ్ళి అన్నం కూడా వండేసింది!

పెదనాయన నవ్వాడు. "ముందు ఒంటి వంపు పట్టు మే. మనిషి వంగితే నడుం ఎట్టా పోతాదో ఒక్క గీతలో లాగు. కళ్ళూ ముక్కూ యాడికీ పోవు, నిదానంగా దిద్దుకోవచ్చు."

ఆ తర్వాత వాళ్ళమ్మకి జబ్బు చేసింది. పాపం, ఒళ్ళో ఇంకా పాలు తాగే పిల్ల. ఒకనాడు అమ్మ పిలిచింది. "చెల్లికి నా మొకం గుర్తుండదు మే రత్నా. గీసి పెట్టు."

మునిరత్నం గుడ్డ పరిచింది. అమ్మ చెల్లి మీదకి వంగి కూర్చుంది. ఈసారి పిల్ల బుద్ధిగా ముందు వంపే పట్టింది. మెడ నించి నడుం దాకా ఒక్క గీత, చెల్లిని చుట్టిన చెయ్యి ఒక గీత. ఆ తర్వాత అమ్మ మొహం, ఒళ్ళో చెల్లి. అన్నీ బొగ్గుతోనే. అప్పుడు కలం తీసుకుని వంపు మీదా చేతి మీదా నల్లరంగు దిద్దింది. బొగ్గు నీళ్ళకి పోతుంది, నల్లరంగు గుడ్డని వదలదు.

మొహమూ, ఒళ్ళో చెల్లీ మాత్రం బొగ్గుతోనే ఉండిపోయాయి. అమ్మ బుగ్గలు మరీ పీక్కుపోయి ఉన్నాయి. కాస్త తేరుకున్నాక దిద్దుదాంలే అనుకుంది, పిచ్చిది.

అమ్మ తేరుకోలేదు, బంగారం. పోయింది.

అప్పుడు మైల అని వాళ్ళ నాన్న ఇంట్లో గుడ్డలన్నీ మూటకట్టి ఏటికి తీసుకెళ్ళాడు. ఆ మూటలో ఈ గుడ్డా పోయింది. ఆయనకేం తెలుసు! నీళ్ళలో జాడించి ఇసుక మీద ఆరేశాడు. మునిరత్నం పరిగెత్తుకెళ్ళి చూస్తే అమ్మకి కళ్ళు లేవు, ముక్కు లేదు. ఒళ్ళో చెల్లీ లేదు.

"యాడికీ పోవన్నావే పెదనాయనా!" అని అది ఏడ్చిన ఏడుపు నేను చెప్పలేను.

ఇంటికొచ్చి మళ్ళీ మొహం గియ్యబోయింది. రాలేదు. ఎంత తలుచుకున్నా రాలేదు. గుడ్డ నేల మీదే పరిచి పక్కన కూర్చుంది.

అప్పుడు చెల్లి పాకుతూ వచ్చింది. గుడ్డ మీదకెక్కింది. ఆ నడుం గీతకీ ఆ చేతి గీతకీ మధ్య ఖాళీలో, తను రోజూ పడుకునే చోటే, చెంప ఆనించి పడుకుంది. పాల కోసం నోరు చప్పరించింది.

మునిరత్నం బొగ్గు పక్కన పెట్టేసింది. చెల్లిని లేపలేదు.

బొగ్గు గీత ఏటికి, నల్ల గీత ఇంటికి,
కథ పోయె కంచికి, కునుకు నీ కంటికి.