గాలివాటం మేత

అనగనగా పిల్లలూ, ఒక అడవిలో ఎండలు మండిపోతున్న రోజులు. గడ్డి మాడిపోయింది. మిగిలిన పచ్చదనమంతా తుమ్మతోపులోనే.

అక్కడికి ఒక దుప్పుల మంద వచ్చింది. అందులో చిచ్చర అనే కుర్ర దుప్పి ఉన్నాడు. వాడి కొమ్ములు జానెడు, నినాదాలు బారెడు. ఒక్కటీ సొంతం కాదు. కోతులు అరుస్తుంటే విని పట్టుకొచ్చినవే.

కానీ వాడి దిగులు మాత్రం సొంతమే. చెల్లెలు బొట్టు ఇంకా పాలు తాగే పసిది. మేత లేక అమ్మకు పాలు తగ్గాయి. నిలబడితే బొట్టు కాళ్లు వణుకుతున్నాయి.

ఆ మందకు ఒక ఆచారం ఉంది. చెట్టుకు నాలుగు ఆకులే తినాలి. గాలికి ఎదురు నడిచి ఇంకో చెట్టు పట్టాలి.

"ఎదురుగాలిలో దుమ్ము తింటూ నడవడం ఎందుకు జేజీ?" అని చిచ్చర మందపెద్ద అయిన ముసలి దుప్పిని అడిగాడు.

"మా అమ్మ అలాగే నడిచింది."

"ఆవిడెందుకు నడిచింది?"

"వాళ్లమ్మ నడిచింది కాబట్టి. నోర్మూసుకుని నడువు!"

చిచ్చరకు ఒళ్లు మండింది. "మూఢాచారాలు నశించాలి! అందరూ ఏకం కావాలి!" అని అరిచాడు.

కొమ్మ మీది తొండ తల ఊపింది.

"చూశారా, ప్రజల మద్దతు!" అన్నాడు చిచ్చర. తొండ ఎవరికైనా ఊపుతుందనుకోండి.

అమ్మ అప్పటికే అలిసిపోయింది. గాలివాటంగా నడవడం సుఖమని కొడుకు వెంట వెళ్లింది. కుర్ర దుప్పులూ వెళ్లాయి.

మొదటి చెట్టు దగ్గర కడుపారా తిందామని నిలబడ్డారు. కాసేపటికే ఆకు వగరెక్కింది. రెండో చెట్టును అంతకుముందు ఎవరూ ముట్టలేదు, అయినా వగరే. మూడో చెట్టు ఆకుకు నాలుక అట్టకట్టింది. అమ్మ ఆకు ఉమ్మేసింది. పాలకోసం వెతికి వెతికి బొట్టు కూలబడింది. లేవబోయినా లేవలేకపోయింది.

చిచ్చరకు ఒక్క నినాదమూ గుర్తుకు రాలేదు. అప్పుడు ముక్కుకు ఏదో తగిలింది. కొరికిన ఆకు పచ్చివాసన! మొదటి చెట్టు నుంచి గాలిలో వస్తోంది.

"అమ్మో! ఆ చెట్టు వీటికి కబురు పంపుతోంది!"

"మరి? చెట్టంటే ఉత్త కట్టె అనుకున్నావా నాయకా?" అంది కొమ్మలు దూకుతూ వెంట వచ్చిన తొండ. "ఆ వాసన తగలగానే మిగతావి ఆకుల్లో వగరు నింపుకుంటాయి. నువ్వు ఏకం కమ్మని అరిచావు. అవి అయ్యాయి."

"ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వెక్కడ అడిగావు? తలూపితే చాలనుకున్నావు."

చిచ్చర జేజి దగ్గరికి పరుగెత్తాడు. "నీ నడకే సరైంది జేజీ! ఎందుకో ఇప్పుడు తెలిసింది."

"అయితే నాకూ చెప్పరా," అంది జేజి కాస్త సిగ్గుపడుతూ. "నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు."

చెప్పాడు. చెప్పి, వెనక్కి వచ్చి మూతితో బొట్టును లేపాడు. దుమ్ముకు తన ఒళ్లు అడ్డం పెట్టి, గాలికి ఎదురుగా అమ్మను నడిపించాడు. కబురు అందని చెట్టు దొరికింది. దాని ఆకు కమ్మగా ఉంది. నాలుగు ఆకులు తిని, ఇంకో చెట్టుకు నడిచారు.

పొద్దువాలేసరికి అమ్మకు పాలు చేపాయి. బొట్టు తోక ఆడిస్తూ గుటగుటా తాగింది.

నోట్లో ఆకు ఉన్నా చిచ్చర ఆగలేకపోయాడు. "తుమ్మచెట్ల ఐక్యత..."

"ముందు మింగరా," అంది అమ్మ. "పొలమారుతుంది."

నీతి: పాత పద్ధతిని పాటించాలన్నా, పారేయాలన్నా, ముందు దాని కారణం కనుక్కోవాలి.