మూతబండలో ఆకుబొమ్మ

అనగనగా ఒక బండల ఊరు. ఆ ఊళ్ళో గోడలు బండే, అరుగులు బండే, ఇంటి కప్పు కూడా బండే. మరి దిండో అంటావేమిట్రా? దిండూ బండేనేమో, నేనేమన్నా పడుకుని చూశానా? నోరుమూసుకుని ఊ కొట్టు. కొండ తవ్వితే బండ, బండ చీలిస్తే పలక, పలక అమ్మితే గంజి. అదీ వాళ్ళ బతుకు.

ఆ ఊళ్ళో పుల్లన్న అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయనకి ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు సుంకులమ్మ, చిన్నకోడలు మద్దమ్మ. పుల్లన్న బండ దొర్లించి పెడితే చిన్నది ఉలి ఆనించి టిక్కు టిక్కుమని నాలుగు దెబ్బలు వేసేది. అంతే, పొంగిన పూరీ పైపొర ఊడినట్టు బండ రెండుగా విడిపోయేది. అడుగుది పలకబండ, అది అమ్మకానికి. పైది మూతబండ, గరుకుగా ఉంటుందని పారేసేవాళ్ళు. ఆ పారబోసే పని పెద్దకోడలిది. పన్నెండేళ్ళ నుంచీ మూతబండలు నెత్తికెత్తుకుని దిబ్బలో పోసి రావడమే ఆవిడ పని.

చిన్నది వచ్చి ఏడాదన్నా కాలేదు, ఊరంతా దాని పేరే. మామగారు దాని చెయ్యి మంచిదన్నాడు. అత్తగారు దాని నడక ముద్దొస్తుందంది. సుంకులమ్మకి కడుపు రగిలిపోయింది. అది నవ్వితే మంట, నడిస్తే మంట, నీళ్ళు తాగితే మంట, అది తుమ్మితే అత్తగారు చిరంజీవ అందని ఇంకా మంట! కుళ్ళంటే ఏమిటో నాకు తెలుసర్రా. పోయిన సెలవుల్లో మీ నాయనమ్మ దగ్గర్నుంచి వచ్చి, నాయనమ్మ పులిహోర, నాయనమ్మ కథలు అని రెండ్రోజులు ఒకటే పాట పాడారుగా. పైకి నవ్వాను గానీ లోపల సంగతి నాకు తెలుసు. సరేలే, ఊ కొడుతున్నారా?

ఒకరోజు చిన్నది బండ చీల్చి చెంబెడు నీళ్ళు పోసి చూసింది. పలకబండ మీద జానెడు ఆకుబొమ్మ! నడుమ ఈనె, ఈనెకి అటూ ఇటూ మడతలు, మడతల్లో మళ్ళీ మడతలు. ఆకు అందామంటే ఆకు కాదు, పురుగు అందామంటే పురుగు కాదు. అందరూ మూగి, ఆహా మా మద్దమ్మా, ఓహో మా మద్దమ్మా అన్నారు. సుంకులమ్మ మూతబండ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

దారిలో ఎందుకో తిప్పి చూసింది. చూస్తే ఏముంది, మూతకీ ఆకుబొమ్మే! అక్కడ గుంటలా ఉంటే ఇక్కడ ఉబ్బెత్తుగా ఉంది. ఆవిడ దాన్ని పారెయ్యలేదు. పాతచీరలో చుట్టి గడ్డివాములో దాచింది. పన్నెండేళ్ళలో ఆవిడకంటూ దొరికింది అదొక్కటే. రోజూ వెళ్ళి దాన్ని నిమిరేది, దానిది బాగుందా నాది బాగుందా అని ఏడ్చేది.

ఆ దేశపు రాజుకి వింత రాళ్ళంటే పిచ్చి. దానంతటదే బొమ్మ పడ్డ బండ తెస్తే ఆ కొండ తరతరాలూ మీదే అని చాటింపు వేయించాడు. ఉలితో చెక్కి తెచ్చి మోసం చేస్తే కొండ దిగి పొమ్మన్నాడు. పుల్లన్న పలకబండ పట్టుకుని ఇంటిల్లిపాదితో కోటకి బయల్దేరాడు. దారిపొడుగునా చిన్నకోడలి భజనే. సుంకులమ్మ ఇక ఆగలేకపోయింది. కోట గుమ్మం దగ్గర భటుడి చెవిలో ఊదింది, అది మా చిన్నది రాత్రీపగలూ కూర్చుని చెక్కిందయ్యా అని. చిన్నదాన్ని పుట్టింటికి తరిమేస్తారు, నా పీడ వదులుతుంది అనుకుంది. పిచ్చిమొహం! రాజు ఆ మాట విని, రేపు పొద్దుగుంకేలోగా ఇంటిల్లిపాదీ కొండ దిగిపోండి అన్నాడు.

కోటలో ఒక రాళ్ళతాత ఉండేవాడు. ఆయన బండని తడిమి, ఆగండి మహారాజా అన్నాడు. శంఖం లేదు, గవ్వ లేదు, పీత లేదు, చేప లేదు, అలాంటి కాలంలో ఈ కొండంతా సముద్రం అడుగు బురదట. ఆ బురదలో పెంకు లేని మెత్తటి ప్రాణులు ఊగుతూ ఉండేవట. నోరు లేదు, కాళ్ళు లేవు, కళ్ళు లేవు. మరి ఒకదాన్ని చూసి ఇంకొకటి ఎలా కుళ్ళుకునేదంటావా? కుళ్ళే లేదే తల్లీ, హాయి! పైన ఇంకో బురద వచ్చి కప్పేస్తే ఆ ప్రాణి కరిగిపోయి అచ్చు మిగిలిందట. ఉలితో చెక్కితే బొమ్మ ఒక్క బండకే ఉంటుంది, బురద అచ్చయితే మూతకీ ఉంటుంది, రేపు పొద్దుగుంకేలోగా ఆ మూత తెండి అన్నాడు.

అందరూ దిబ్బ మీద పడ్డారు. ఎన్ని వేల మూతబండలో! మర్నాడు మధ్యాహ్నం దాకా తిప్పారు, బోర్లించారు, మళ్ళీ తిప్పారు. చిన్నదాని వేళ్ళు చిట్లి రక్తం కారింది. ముసలి పుల్లన్న కూలబడిపోయి, ఈ కొండ తప్ప మనకి ఇంకో పని రాదే, ఎక్కడికి పోతాం అని బావురుమన్నాడు. సుంకులమ్మ గడ్డివాము వైపు చూసింది. ఇస్తే దొంగనని తెలుస్తుంది, ఇవ్వకపోతే ఇల్లే పోతుంది. పైగా అది ఆవిడ బొమ్మ, ఆవిడకున్న ఒకే ఒక్క బొమ్మ. ఏం చేసిందంటారు? వాములోంచి పీకి, రొమ్ముకి అదుముకుని కోటకి పరుగెత్తింది. వెనకాల అందరూ పరుగే పరుగు.

రాళ్ళతాత మూతని పలక మీద పెట్టాడు. గుంటలో ఉబ్బు కూర్చుంది, వెంట్రుక దూరే సందు లేదు. రాజు సంబరపడి, ఇన్నాళ్ళూ ఇదెక్కడుంది అని అడిగాడు. మద్దమ్మ గభాల్న ముందుకొచ్చి, నేనే మా అక్కకి దాచమని ఇచ్చి మర్చిపోయాను దొరా అంది. దాంతో సుంకులమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"చూశారా, చూశారా! మంచితనంలో కూడా ఇదే ముందుండాలి! నన్ను దొంగగానైనా ఉండనివ్వదా? నేనే దాచాను. చెక్కిందని చెప్పిందీ నేనే. కుళ్ళుతో చెప్పాను!" అని అరిచి భోరున ఏడ్చింది.

రాజుకి మొదట కోపం వచ్చింది, తరవాత నవ్వొచ్చింది. ఇంత నిజం నా కోటలో ఎవరూ మాట్లాడలేదు, కొండ మీదే పొండి అన్నాడు. బండలు రెండూ కలిపి ఒకే పెట్టెలో పెట్టించాడు.

ఇక ఆవిడ కుళ్ళు పోయిందనుకుంటున్నారా? ఎక్కడ పోతుంది! కానీ దాచుకోవడం మానేసింది. కడుపులో ఏది పెట్టుకున్నా ఇంటి మీదికొస్తుందని తెలిసొచ్చిందిగా. ఒకరోజు అన్నాల దగ్గర, ఒసే మద్దీ, ఇవాళ నీ మీద నాకు కుళ్ళుగా ఉందే అంది.

మద్దమ్మ తల వంచుకుని, "నాకూ ఉందక్కా నీ మీద" అంది.

"నా మీదా! నా దగ్గర ఏముందే?"

"అంత సభలో తప్పు నాదేనని అరిచావే, ఆ ధైర్యం నాకెక్కడిదక్కా? తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండిపోతుంది."

పుట్టి బుద్ధెరిగాక సుంకులమ్మని చూసి కుళ్ళుకున్న మనిషి లేడు. ఆ పూట ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింది.

అదర్రా కథ. కథేమో కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.