ఉసిరి రసం తాగిన మొహం

కోటలో పైడితల్లి పని రాణిగారికి ఉసిరి రసం తీయడం. ఊపిరి తగిలితే ఎంగిలని, కళ్ల కింద దాకా గుడ్డ కట్టుకునే కాయలు దంచాలి. నలభై రోజులు తాగినా రాణిగారి బుగ్గల మీది మంగు పోలేదు. రాజుకి ఒళ్లు మండింది.

ఆ మందు చెప్పిన ఆస్థాన వైద్యుడు శరభయ్య తడుముకోకుండా పైడితల్లిని చూపించాడు. "ఎవరు తాగినా మొహం అద్దంలా మెరిసే మందు, ప్రభూ! రసమంతా ఇదే చాటుగా తాగి, రాణిగారికి నీళ్లు పంపింది."

తలారి కత్తి దూశాడు. పైడితల్లికి పొద్దున పొయ్యి మీద పెట్టొచ్చిన అంబలి ఎందుకో గుర్తొచ్చింది. మొహం మీది గుడ్డ విప్పింది. బుగ్గల నిండా నల్లటి మంగు.

"మారాజా, నలభై రోజులు ఆ రసం తాగిన మొహమా ఇది? తాగలేదంటే నా తప్పు లేదు. తాగాననే అంటే, ఆ మందు పనిచెయ్యదు. ఏదో ఒకటి అయ్యవారినే చెప్పమనండి."

కత్తి ఆగింది. రాజు మెల్లగా శరభయ్య వైపు తిరిగాడు. "చెప్పు. తాగిందా, తాగలేదా?"

పట్టిన చెమటకి శరభయ్య మొహం అద్దంలా మెరిసింది.