నక్క గుమ్మానికి వచ్చిన దారి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో సింహం లేదు, కాబట్టి దాని కోసం ఎదురుచూడకండి. ఈ కథంతా ఒక ఇరుకు సందు గురించి.

అడవి నడుమ గుమ్మడికొండ అని ఒక కొండ ఉండేది. కొండకి ఇవతల జంతువుల కాపురాలు. అవతల ఒక మడుగు. ఎండాకాలం వచ్చి వాగులన్నీ ఎండిపోతే ఇక ఆ మడుగే దిక్కు. అక్కడికి వెళ్ళాలంటే కొండలో రెండు బండల మధ్య ఉన్న సందులోంచి దూరాలి. ఏనుగు అందులో అడుగు పెడితే పక్కన కుందేలుకి కూడా చోటుండేది కాదు. ముళ్ళపంది ముందు నడిస్తే మరీ ఘోరం. వెనకున్నవాళ్ళు తోసుకోవడానికి కూడా భయపడేవాళ్ళు. ఇక తాబేలు ముందుంటే ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఆలస్యమైతే ఏమవుతుంది అంటారా? మడుగు దగ్గర ఒక పాత ఒప్పందం ఉంది. పొద్దు గుంకేదాకా నీళ్ళు అందరివీ. పొద్దు గుంకాక పులిది. పులి మాట తప్పేది కాదు. సరిగ్గా పొద్దు గుంకగానే వచ్చేది. అప్పటికి సందులో ఇరుక్కున్నవాళ్ళంతా ఎండిన నాలుకతో వెనక్కి తిరగాల్సిందే.

అందరికంటే ఎక్కువ సార్లు అలా వెనక్కి తిరిగింది చుక్కమ్మ అనే లేడి. దానికి అప్పుడే పుట్టిన పిల్ల ఉంది. పిల్ల కాళ్ళు ఇంకా నిలవడం లేదు. దున్నపోతుల మధ్య దాన్ని నడిపించలేక చుక్కమ్మ అందరూ వెళ్ళేదాకా ఆగేది. అందరూ వెళ్ళేసరికి పొద్దు గుంకేది. తల్లికి నీళ్ళు లేకపోతే పిల్లకి పాలెక్కడివి? పిల్ల రోజురోజుకీ చిక్కిపోతోంది.

ఒకనాడు చుక్కమ్మ ఏనుగుల పెద్ద భద్రమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"పెద్దమ్మా, కొండ చుట్టూ ఇంకో దారి తియ్యవూ? ఈ ఎండాకాలం గడిచేలా లేదు. నా పిల్ల బతికేలా లేదు" అంది.

భద్రమ్మ పిల్లని తొండంతో నిమిరింది. ఎముకలు తొండానికి గుచ్చుకున్నట్టు తగిలాయి. వెంటనే అందరినీ పిలిపించింది.

ఆ అడవిలో దారి వెయ్యడానికి ఒక పద్ధతి ఉంది. ఏనుగుల పెద్ద ముందు నడవాలి. మంద వెనక నడవాలి. పొదలు అణిగి, ముళ్ళు విరిగి, నేల గట్టిపడిన చోటల్లా దారి. పెద్ద ఎటు తిరిగితే మంద అటు తిరగాలి. ఎందుకని అడిగే అలవాటు ఏనుగుల్లో లేదు. ఒకసారి పడిన దారిని ఊరికే మార్చకూడదు. పెద్ద వంకర తిరిగిందంటే దానికో కారణం ఉంటుందని అందరి నమ్మకం.

"కొండ అంచు పట్టుకుని తిన్నగా మడుగు అవతలి ఒడ్డుకి నడుస్తాను. పున్నమి వెళ్ళిన మర్నాడు బయలుదేరతాను. దారిలో ఎవరి పొదలైనా పోతే ఏమనుకోకండి" అంది భద్రమ్మ.

అబ్బో, అప్పుడు వినాలి ఆ మాటలు.

"నా బురదగుంట పోయినా పర్లేదు పెద్దమ్మా. దారి పడితే చాలు" అన్నాడు భూషయ్య అనే అడవిపంది.

"నా చెట్టు కొట్టేసినా నేను కిక్కురుమనను" అన్నాడు కిష్టప్ప అనే కోతి.

"నా బొరియ మీదనుంచి పోనివ్వండి. అంతకంటే పుణ్యం ఏముంది?" అన్నాడు వీరాసామి అనే నక్క. అంటూ కళ్ళు కూడా తుడుచుకున్నాడు. చూసినవాళ్ళంతా ఎంత మంచివాడో అనుకున్నారు.

నిజానికి ఆ ముగ్గురి ఇళ్ళూ కొండ అంచున లేవు. దారి వాటి దరిదాపుల్లోకి రాదు. అందుకే అంత ధారాళంగా మాట్లాడారు.

సభ ముగిసి ఇళ్ళకి వెళ్ళాక ముగ్గురికీ వేరువేరుగా ఒకే ఆలోచన వచ్చింది. అంత పెద్ద దారి మన గుమ్మం ముందు నుంచి వెళ్తే ఎంత బాగుంటుంది!

దారి పక్కన బురదగుంట ఉంటే వచ్చేపోయేవాళ్ళంతా తనలాగే అందులో పొర్లి తనని మెచ్చుకుంటారని భూషయ్య ఆశ. దారి మీదికి కొమ్మ వంగి ఉంటే వెళ్ళేవాళ్ళ వీపుల మీదికి దూకి సవారీ చెయ్యొచ్చని కిష్టప్ప సరదా. వీరాసామి ఆలోచన కాస్త లోతైంది.

"ఏమే కాటమ్మా, అందరూ మనింటి ముందునుంచి పోతారు. అలసిపోయినవాళ్ళు మన నీడన కూర్చుంటారు. అడవికోళ్ళు కూడా అలసిపోతాయి గదా పాపం" అన్నాడు పెళ్ళాంతో.

"ఆ కోళ్ళ సంగతి నాకెందుకు గానీ, బొరియలో నలుగురు పిల్లలున్నారు. ఏనుగుల్ని ఇంటి మీదికి తెచ్చుకునే వెర్రి నీకెందుకు పుట్టిందయ్యా?" అంది కాటమ్మ.

వీరాసామి ఆ మాట చెవిన వేసుకోలేదు.

భద్రమ్మకి ఒకే ఒక్క బలహీనత ఉంది. మంచి వాసన వస్తే కాళ్ళు అటు వెళ్ళిపోతాయి. ఆ సంగతి అడవిలో అందరికీ తెలుసు. భూషయ్య తన గుంట పక్కన మాగిన వెలగపళ్ళు కుప్ప పోశాడు. కిష్టప్ప తన చెట్టు కింద పనసపండు చీల్చి పెట్టాడు. వీరాసామి ఇప్పచెట్ల కింద రాలిన పువ్వంతా ఏరుకొచ్చి, బొరియ చుట్టూ ఉన్న రాతిగుంటల్లో నీళ్ళు చిలకరించి నానబెట్టాడు. తాగే నీళ్ళకి కరువైన రోజుల్లో ఆ నీళ్ళెక్కడివి అంటే, పిల్లల కోసం ఆకుదొన్నెలో తెచ్చి దాచుకున్నవి. చూశారా బుద్ధి! ఎండకి పువ్వు పులిసి ఘుమఘుమలాడింది.

పున్నమి వెళ్ళిన మర్నాడు భద్రమ్మ బయలుదేరింది. మంద వెనక కదిలింది. కాసేపు కొండ అంచున తిన్నగానే నడిచింది. ఇంతలో వెలగపళ్ళ వాసన.

"ఒక్క పండు తిని వస్తాను" అనుకుంది. కుప్పంతా తింది. మంద కూడా అటే వెళ్ళింది. అక్కడొక వంపు పడింది.

మళ్ళీ దారికొచ్చింది. ఇంతలో పనస వాసన. "ఒక్క తొన" అనుకుంది. ఇంకో వంపు పడింది.

మళ్ళీ దారికొచ్చింది. ఇంతలో ఇప్పపువ్వు వాసన. ఈసారి ఏమీ అనుకోలేదు. పరుగెత్తింది. ఒక గుంట ఖాళీ చేసి రెండో గుంటకి, రెండో గుంట ఖాళీ చేసి మూడో గుంటకి వెళ్తూ బొరియ చుట్టూ ప్రదక్షిణాలు చేసింది. తల తిరిగింది. చెవులు ఊపింది. చిన్నగా చిందు కూడా వేసింది. వెనక మంద మొత్తం గంభీరంగా అదే చిందు వేసింది. పెద్దమ్మ చేసిందంటే ఏదో కారణం ఉంటుంది గదా.

ఆ తర్వాత భద్రమ్మ తూలుకుంటూ బయలుదేరి, దిక్కు మరిచి, వచ్చిన వైపే నడిచి, చివరికి ఒకచోట బండల సందులోంచి మెరుస్తున్న నీళ్ళు చూసింది. "అదిగో మడుగు" అని అక్కడే పడుకుని గుర్రు పెట్టింది.

అది ఏ సందో మీకు తెలిసిపోయి ఉంటుంది.

మర్నాడు అడవంతా కొత్త దారి ఎక్కింది. ఎంత వెడల్పు! దున్నపోతులు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ నడిచాయి. ఆ సంతోషంలో తల ఎత్తి కొండ ఎటుందో చూసినవాళ్ళు లేరు. భూషయ్య గుంట దగ్గర తిరిగారు. కిష్టప్ప చెట్టు కింద తిరిగారు. వీరాసామి బొరియ చుట్టూ తిరిగారు, తిరిగారు, మళ్ళీ తిరిగారు. వీరాసామి గుమ్మంలో నిలబడి "రండి, రండి" అని అందరినీ పలకరించాడు.

దున్నల మంద చివరి చుట్టు తిరుగుతుండగా బొరియ కప్పు దభీమని కూలిపోయింది. కాటమ్మ ముందే అదురు పసిగట్టి పిల్లల్ని బయటికి లాగింది కాబట్టి సరిపోయింది. దుమ్ము దులుపుకుని మొగుడి వైపు చూసింది.

"గుమ్మం ముందుకి దారి రావాలన్నావు. వచ్చింది. ఇప్పుడు గుమ్మమే లేదు" అంది.

ఇక దారి చివరికి వెళ్ళినవాళ్ళ సంగతి. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళేసరికి ఎదురుగా పాత సందు. పాత దారిన వచ్చినవాళ్ళు ఒక పక్క, కొత్త దారిన వచ్చినవాళ్ళు ఒక పక్క, మధ్యలో అడ్డం తిరిగిన ముళ్ళపంది. ముందుకి కదలదు, వెనక్కి మళ్ళదు. పొద్దు గుంకింది. అవతల ఒడ్డున పులి వచ్చి కూర్చుంది. ఇంతమంది ఇలా ఇరుక్కోవడం దానికీ వింతగానే ఉన్నట్టుంది, నీళ్ళు తాగుతూ మధ్యమధ్యలో తల ఎత్తి చూసింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఇంతకుముందు దున్నల కాళ్ళ కిందనుంచి దూరి మొదటే తాగివచ్చే వీరాసామికి కూడా ఇప్పుడు సందు మొదలు అందలేదు. ఇల్లు లేదు, నీళ్ళు లేవు. పిల్లలు ఎండిన రాతిగుంటల్ని నాకుతున్నారు. చుక్కమ్మ పిల్లయితే లేవడం మానేసింది.

భద్రమ్మ మళ్ళీ అందరినీ పిలిచింది. తల దించుకునే ఉంది.

"దారి ఎందుకు వంకర పోయిందో నాకు సరిగ్గా గుర్తులేదు. వెతుకుదాం పదండి" అంది.

మొదటి వంపు దగ్గర వెలగపళ్ళ పెంకులు దొరికాయి. భూషయ్య మొహం మాడిపోయింది. రెండో వంపు దగ్గర పనసతొక్కకి ఈగలు మూగి ఉన్నాయి. కిష్టప్ప తోక ముడుచుకున్నాడు.

"ఛీ ఛీ, సొంత లాభం కోసం దారినే తిప్పుకుంటారా? సిగ్గు లేదూ?" అని అందరికంటే గట్టిగా అరిచింది ఎవరనుకున్నారు? వీరాసామే. ఇప్పపువ్వుకి పెంకు లేదు, తొక్క లేదు. తినేశాక ఆనవాలే మిగలదు. అందుకే గదా దాన్ని ఎంచుకున్నది.

మూడో వంపు దగ్గర అందరూ వెతికారు. ఏమీ దొరకలేదు.

"ఆ రెండు వంపులూ తీసేద్దాం. ఈ వంపు మాత్రం ఎర వల్ల వచ్చింది కాదు. ఇక్కడ నేను నా బుద్ధితోనే తిరిగి ఉంటాను. ముందు ఊబి ఉందో, గొయ్యి ఉందో. దీన్ని మార్చకూడదు" అంది భద్రమ్మ.

అవునవునని అందరూ తలలూపారు. వీరాసామి గుండె చల్లబడింది. ఆ చల్లదనం ఎంతోసేపు ఉండలేదు. ఈ వంపు ఉన్నన్నాళ్ళూ దారి వెనక్కే తిరుగుతుంది, పాత సందుకే చేరుతుంది. ఎవరికీ నీళ్ళుండవు. ఆ సంగతి అక్కడున్నవాళ్ళలో తనకీ కాటమ్మకీ తప్ప ఎవరికీ తెలీదు.

పక్కకి చూశాడు. తన ఆఖరి పిల్ల ఖాళీ గుంటలో మూతి పెట్టి పడుకుని ఉంది. ఆ గుంటలో పోసింది దాని వంతు నీళ్ళే. అవతల చుక్కమ్మ తన పిల్ల మీద నీడ పడేలా నిలబడి ఉంది. కాటమ్మ ఊరికే మొగుడినే చూస్తోంది. వీరాసామికి గుండె తరుక్కుపోయింది. నోరు విప్పితే పరువు పోతుంది. విప్పకపోతే పిల్లలు పోతారు.

"పెద్దమ్మా" అన్నాడు. ఒక అడుగు ముందుకి వేశాడు. మళ్ళీ అన్నాడు. "పెద్దమ్మా, ముందు ఊబీ లేదు, గొయ్యీ లేదు. ఇక్కడ నిన్ను తిప్పింది నా ఇప్పపువ్వు. నువ్వు చిందు కూడా వేశావు."

అందరూ వీరాసామి వైపు తిరిగారు. ఒక గున్న ఏనుగు మాత్రం "అందుకా మనం చిందు వేశాం" అని గొణిగింది. దాని తల్లి చెవితో ఒక్కటి కొట్టింది.

భద్రమ్మకి కోపం వచ్చింది. దాని కంటే ఎక్కువగా సిగ్గేసింది.

"ఎర వెయ్యడం మీ తప్పు. ఎర వెనక వెళ్ళడం నా తప్పు. ఈసారి నా ముక్కుని నేను నమ్మను" అని తొండం చుట్టి నోట్లో పెట్టుకుంది. తర్వాత కాస్త బయటికి తీసి, "చుక్కమ్మా, నువ్వు ముందు నడు. అందరికంటే ఎక్కువ దాహం నీది. నీళ్ళు ఎటున్నాయో నీకు తెలిసినట్టు మాకెవరికీ తెలీదు" అని మళ్ళీ పెట్టుకుంది.

పిల్లని భద్రమ్మ తలమీదికి ఎక్కించారు. చుక్కమ్మ ముందు నడిచింది. దారిలో మాగిన నేరేడుపళ్ళు తగిలాయి, తల తిప్పలేదు. లేతగడ్డి తగిలింది, ఆగలేదు. కొండ అంచు పట్టుకుని తిన్నగా నడిచింది. వెనక మంద ముళ్ళు తొక్కుకుంటూ నడిచింది. పొద్దు ఇంకా ఉండగానే ఎదురుగా మడుగు అవతలి ఒడ్డు కనబడింది.

ఆ రోజు అందరూ తాగారు. చుక్కమ్మ మొదట తాగింది. దాని పిల్ల పాలు తాగి, లేచి, నిలబడి, మళ్ళీ పడి, మళ్ళీ లేచింది. నక్క పిల్లలు మూతులు నీళ్ళలోంచి తియ్యలేదు.

మరి శిక్ష ఉండదా అంటారా? భూషయ్య, కిష్టప్ప పాత వంపుల్లో ముళ్ళకంప నాటారు. వీరాసామికి వేరే పని పడింది.

"రోజూ పాత దారి, కొత్త దారి చీలే చోట నిలబడు. ఎవరూ అడ్డం పడకుండా అందరినీ పంపించు. పిల్లలున్న తల్లుల్ని ముందు పంపు. అందరూ తాగాక ఆఖరున నువ్వు తాగు" అంది భద్రమ్మ.

ఇక అప్పటినుంచి ఆ అడవిలో సాయంత్రం అయితే ఒకటే గొంతు.

"కబుర్లు అవతల చెప్పుకోండి దున్నయ్యా! ముళ్ళపంది మావా, కాస్త పక్కకి జరుగు! తాబేలు తాతా, నువ్వు పొద్దున్నే బయలుదేరాలని చెప్పానా లేదా?"

అరుస్తూ అరుస్తూ మధ్యలో ఆకాశం వైపు చూసుకునేవాడు. పొద్దు వాలుతోంది. తన వంతు ఇంకా రాలేదు. దారి ఎంత సాఫీగా కదిలితే తనకి అన్ని గుక్కలు. అందుకేనేమో, ఆ అడవిలో ఆ దారిని వీరాసామి కంటే శ్రద్ధగా చూసుకున్నవాళ్ళు మళ్ళీ పుట్టలేదు.

నీతి: అందరి దారిని తన గుమ్మం వైపు తిప్పుకున్నవాడు, చివరికి తన పిల్లల నీళ్ళకే అడ్డం పడతాడు.