దొర చుట్టిన చిలక

మేదరి పోలన్న తన ముసలి తల్లి చేత బుట్టలు అల్లిస్తున్నాడని విని, పాలెగాడు తిప్పానాయుడు ఇద్దర్నీ కోటకు పిలిపించాడు.

"మా అమ్మకు నలుగురు దాసీలు. చిటికెన వేలు కదపనివ్వను. ఇకనుంచి నీ తల్లి కూడా ఇక్కడే ఉంటుంది," అన్నాడు మీసం దువ్వుతూ.

"చేతులు ఊరికే ఉంటే మా అమ్మకు తోచదు దొరా," అన్నాడు పోలన్న. "సరే, తమ చిత్తం. పోయేముందు ఆమెకు ఆకూవక్కా ఇచ్చి పోతాను. తమరూ పెద్దమ్మగారికి తమ చేత్తో ఇవ్వండి, చూసి నేర్చుకుంటాను."

అదెంత పని అనుకున్నాడు నాయుడు. లేతాకులకు సున్నం రాసి, వక్కలు పెట్టి, చిలక చుట్టి పక్కనే కూర్చున్న తల్లి చేతికిచ్చాడు. పోలన్న మాత్రం బుట్టలోంచి చిన్న రోలు తీసి ఆకూవక్కా దంచసాగాడు.

"దంచడమెందుకురా?" నాయుడికి వింతగా తోచింది.

"మా అమ్మకు పళ్ళు లేవు దొరా. మరి పెద్దమ్మగారికి ఉన్నాయా?"

నాయుడు తల్లి వైపు తిరిగాడు. ఆమె చిలకను ఒళ్ళో పెట్టుకుని బోసినోటితో నవ్వుతోంది.

"ఊడిపోయి ఆరేళ్ళయింది నాయనా," అంది.

నాయుడు ఆమె ఒళ్ళోంచి ఆ చిలకను తిరిగి తీసుకున్నాడు. "మీ అమ్మను ఇంటికి తీసుకెళ్ళు," అన్నాడు పోలన్నతో. "ఆ రోలు మాత్రం నాకిచ్చి పో."

"అలాగే దొరా. సున్నం ఎంత వెయ్యాలో పెద్దమ్మగారినే అడగండి."