భోంచేసి చెప్పిన తీర్పు

ధర్మాధికారి విరూపాక్షయ్య సభలో మధ్యాహ్నం దగ్గరపడిందంటే నిందితులు వణికిపోయేవారు. ఆకలి వేళ ఆయన నోట శిక్ష తప్ప మరో మాట వచ్చేది కాదు.

సరిగ్గా ఆ వేళకే బుట్టలల్లే సూరమ్మ వంతు వచ్చింది. ఆమె మేక తన తోటలో పడి మేసిందని మోతుబరి గవరయ్య ఫిర్యాదు. ధర్మాధికారి ఆమెను ఒక్క ముక్కా అడక్కుండా, "ఊరు విడిచి పో" అన్నాడు.

సూరమ్మ చేతులు జోడించి, "చిత్తం దొరా. తమరు భోంచేసి వచ్చి ఇదే మాట మళ్ళీ సెలవివ్వండి, వెళ్ళిపోతాను" అంది.

"అన్నం తింటే నా తీర్పు మారుతుందనా?"

"మారదనే కదా దొరా, అడుగుతున్నాను."

కాదనలేక ఆయన వెళ్ళి కడుపారా తిని వచ్చాడు. ఈసారి తాపీగా విచారిస్తే తోటకు కంచే లేదని తేలింది. సూరమ్మను ఊళ్ళోనే ఉండమని, గవరయ్యను కంచె వేసుకోమని చెప్పాడు.

గవరయ్య ఉండబట్టలేక, "అయ్యా, ఈ తగువు రేపు తమరి భోజనానికి ముందు మరోసారి వినండి" అన్నాడు.

సభంతా గొల్లుమంది. మర్నాటి నుంచి ధర్మాధికారి చద్దన్నం తిన్నాకే సభకు వచ్చేవాడు.